జావా ఫెర్నా, అనుబియాసా? తేల్చేది మన ఎండాకాలమే

చేపల తొట్టిలో మొదటిసారి నిజమైన మొక్క పెట్టాలనుకునేవాళ్లకు షాపుల్లో ఎక్కువగా చూపించే పేర్లు రెండు: జావా ఫెర్న్, అనుబియాస్. రెండింటికీ పెద్ద లైటు అక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అక్కర్లేదు. అడుగున ప్రత్యేకమైన మట్టీ అక్కర్లేదు. కనిపించిన పచ్చదనాన్నల్లా కొరికేసే గోల్డ్ ఫిష్ కూడా వీటి దళసరి ఆకుల జోలికి పెద్దగా పోదు. కుళాయిల మీద తెల్లగా పేరుకుపోయే బోరు నీళ్లను సైతం రెండూ తట్టుకుంటాయి. ఇన్ని పోలికలు ఉండబట్టే "రెండూ ఒకటే, ఏ ఆకు నచ్చితే అది తీసుకోండి" అనే సలహా అందరి నోటా వినిపిస్తుంది.

ఆ సలహా చల్లటి దేశాల్లో నిలుస్తుంది. అక్కడ తొట్టిలో హీటర్ పెట్టి నీటిని 24, 25 డిగ్రీల దగ్గర ఉంచుతారు, ఆ వేడిలో ఈ రెండు మొక్కలకూ ఇబ్బంది ఉండదు. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లు నిశ్చింతగా ఆకు చూసి ఎంచుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, కర్నూలు ఇళ్లలో పరిస్థితి వేరు. మన తొట్టికి హీటర్ కంటే నీళ్లు చల్లబరిచే ఏర్పాటు ఎక్కువ అవసరం. మే నెలలో ఏసీ లేని గదిలో తొట్టి నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే, కొన్ని ఇళ్లలో రాత్రి కూడా ఆ కిందికి దిగవు. అలా వారాల తరబడి సాగితే ఈ రెండు మొక్కల మధ్య తేడా బయటపడుతుంది.

జావా ఫెర్న్ ఒక్క జావా దీవి మొక్క కాదు. 1828లో బ్లూమ్ అనే శాస్త్రవేత్త జావా మొక్కలను వర్ణిస్తూ దీన్నీ చేర్చాడు కాబట్టి ఆ దీవి పేరు అంటుకుంది. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి ఆగ్నేయాసియా అంతటా కొండవాగుల పక్కన, జలపాతాల తుంపర పడే రాళ్ల మీద పెరుగుతుంది. ఏడాదిలో కొంతకాలం నీట మునిగి, కొంతకాలం గాలిలో తడిగా ఉండటం దానికి అలవాటు. శాస్త్రీయ నామంలోని 'టెరోపస్' అనే మాటకు రెక్కల పాదం అని అర్థం. ఆకు కాడకు రెండు వైపులా సన్నటి రెక్కలాంటి అంచు ఉంటుంది, బహుశా అది చూసే ఆ పేరు పెట్టి ఉంటారు.

అనుబియాస్ పుట్టిల్లు ఆఫ్రికా పశ్చిమ, మధ్య ప్రాంతాలు. కామెరూన్, నైజీరియా, గాబన్ అడవుల్లో చెట్ల నీడన, వాగుల ఒడ్డున బతుకుతుంది. 1857లో ఈ ప్రజాతికి పేరు పెట్టిన ఆస్ట్రియా శాస్త్రవేత్త షాట్, చీకటి లోకానికి సంబంధించిన ఈజిప్టు దేవుడు అనుబిస్ పేరు ఎంచుకున్నాడు. నీడలో బతికే మొక్కకు తగిన పేరే. కుటుంబం దగ్గరికి వస్తే ఇది మనకు బాగా తెలిసిన బంధువులున్న మొక్క. చేమ, కంద, చెరువుల మీద తేలే అంతరతామర అన్నీ దీని చుట్టాలే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం కదా, ఆ దురద పుట్టించే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు అనుబియాస్‌లోనూ ఉంటాయి. చేపలు దీన్ని కొరకకపోవడానికి ఆకు గట్టిదనంతో పాటు అదీ ఒక కారణం. కొమ్మును, అంటే ఆకులు, వేళ్లు పుట్టే అల్లం లాంటి లావుపాటి కాండాన్ని, కోసిన తర్వాత చేతులు కడుక్కోవాల్సిందీ అందుకే.

ఇక వేడి సంగతి. అనుబియాస్ 28, 30 డిగ్రీల నీటిలో కూడా నిదానంగా పెరుగుతూనే ఉంటుంది. నీళ్లు 29, 30 డిగ్రీల దగ్గర ఉంచాల్సిన డిస్కస్ చేపల తొట్టిలో దీన్ని పెట్టేది అందుకే. జావా ఫెర్న్‌కు 20 నుంచి 28 దాకా హాయిగా ఉంటుంది. ఆ పైన నాలుగైదు రోజులు గడిస్తే ఏమీ కాదు గానీ, వారాల తరబడి ఉంటే ఆకుల మీద గోధుమరంగు మరకలు మొదలవుతాయి. మరక నల్లబడుతుంది, ఆ భాగం మెత్తబడి నీళ్లలో కరిగిపోతుంది. జపాన్‌లో అక్వేరియం పెంచేవాళ్లు దీనికి ఏకంగా 'ఫెర్న్ జబ్బు' అని పేరు పెట్టుకున్నారు. వేసవిలో నీళ్లు వేడెక్కినప్పుడు, మొక్క గుబురుగా పెరిగి ఆకుల మధ్య నీళ్లు కదలనప్పుడు అక్కడ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మన వేసవి జపాన్ వేసవి కంటే ముందే మొదలై ఎక్కువ నెలలు సాగుతుంది.

వేడికి మొక్క ఎందుకు డీలా పడుతుందో అర్థం చేసుకుంటే మిగతాది తేలిక. నీళ్లు వేడెక్కేకొద్దీ మొక్క శ్వాస వేగం పెరుగుతుంది, అంటే దాచుకున్న ఆహారం త్వరగా ఖర్చవుతుంది. లైటు మాత్రం అంతే ఉంటుంది కాబట్టి కొత్తగా తయారయ్యే ఆహారం అంతగా పెరగదు. రాబడి అదే, ఖర్చు ఎక్కువ. పైగా వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే పడుతుంది. లావుపాటి కొమ్ము, దళసరి ఆకు ఉన్న అనుబియాస్ ఆ లోటును ఎక్కువ రోజులు భరిస్తుంది. తుంపర పడే రాళ్ల మీద పెరగడం అలవాటైన ఫెర్న్‌కు అంత ఓపిక ఉండదు.

అలాగని తెలుగు నేల మొత్తం ఒకే లెక్క కాదు. ఇక్కడ ఒక తేలికైన పరీక్ష ఉంది: మీ ఊళ్లో ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుందా? కూలర్ సూత్రమే తొట్టికీ వర్తిస్తుంది. తొట్టి మూత తీసి, చిన్న ఫ్యాను గాలి నీటి పైభాగం మీద ఏటవాలుగా తగిలేలా పెడితే నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది. హైదరాబాద్, కరీంనగర్, అనంతపురం లాంటి పొడిగాలి ఊళ్లలో ఇలా రెండు మూడు డిగ్రీలు సులువుగా దిగుతుంది. 31 దగ్గర ఉన్న తొట్టి 28కి వచ్చిందంటే జావా ఫెర్న్ గట్టెక్కినట్టే. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నంలో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ కూలర్ ముందు కూర్చున్నా జిడ్డు చెమట పడుతుంది, తొట్టి మీద ఫ్యాను కూడా అంతగా ఉపయోగపడదు. ఎండ తెలంగాణలోనే ఎక్కువైనా, ఏసీ లేని ఇంట్లో జావా ఫెర్న్‌ను కాపాడుకోవడం కోస్తాలోనే కష్టం. సముద్రం పక్కనున్న ఊరు కదా, ఎండ తక్కువ కదా అని ఫెర్న్ కొన్నవాళ్లు పొరపడేది ఇక్కడే.

ఫ్యాను పెట్టినప్పుడు నీళ్లు త్వరగా తగ్గిపోతాయి, ఆ లోటును దేనితో నింపుతున్నామన్నదీ ముఖ్యమే. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. దానికి రోజూ బోరు నీళ్లు కలుపుతూ పోతే నెల తిరిగేసరికి హార్డ్‌నెస్, అంటే నీటిలో కరిగిన ఖనిజాల పాలు, బాగా పెరిగిపోతుంది. ఆవిరైన మేరకు ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు పోయడం మంచి పద్ధతి. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు మాత్రం అచ్చంగా ఆర్వో నీళ్లు వాడకూడదు, వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. మరో జాగ్రత్త కూడా ఉంది. మిద్దె మీద ప్లాస్టిక్ ట్యాంకులో మధ్యాహ్నం నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఎండాకాలం తొట్టి నీళ్లు మార్చే పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి, లేదా ముందు రోజు రాత్రి బకెట్లో పట్టి ఉంచుకోవాలి.

ఇంతవరకూ చదివితే అనుబియాసే గెలిచినట్టు అనిపిస్తుంది. దానికీ ఒక బలహీనత ఉంది, అది పాచి. అనుబియాస్‌లో 'నానా' అనే పొట్టి రకానికి ఒక కొత్త ఆకు రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. వచ్చిన ఆకు ఏడాదికి పైగా నిలుస్తుంది. అంత కాలం ఒకేచోట కదలకుండా ఉండే, వెడల్పాటి, నున్నటి ఆకు పాచికి తయారైన నేల లాంటిది. ముందు ఆకుపచ్చ చుక్కలు పడతాయి, గోరుతో గీకినా అంత తొందరగా ఊడవు. తర్వాత ఆకు అంచుల వెంట నల్లటి కుచ్చు మొలుస్తుంది, హాబీ చేసేవాళ్లు బ్లాక్ బియర్డ్ అనేది దీన్నే. త్వరగా పెరిగే మొక్కకైతే పాత ఆకు కత్తిరించేస్తే సరిపోతుంది. అనుబియాస్‌కు ఐదు ఆకులు కత్తిరిస్తే అవి మళ్లీ రావడానికి నాలుగైదు నెలలు ఆగాలి.

కాబట్టి కిటికీ పక్కన, పొద్దున ఎండ నేరుగా పడే చోట ఉన్న తొట్టిలో అనుబియాస్ తెచ్చిపెట్టడం కష్టాన్ని కొని తెచ్చుకోవడమే. జావా ఫెర్న్‌కూ పాచి పడుతుంది గానీ, అది ఆకులను కాస్త వేగంగా తెస్తుంది, ఒకటి రెండు కత్తిరించినా మొక్క బోసిపోదు. అనుబియాసే పెట్టాలనుకుంటే లైటును టైమర్‌తో రోజుకు 6, 7 గంటలకు కట్టడి చేయాలి. పైన కొన్ని తేలే మొక్కలు వేసి నీడ కల్పిస్తే ఇంకా మంచిది. అంతరతామర రెండు మూడు వేసినా చాలు, చుట్టం నీడలో చుట్టం బతుకుతుంది. అయితే ఎక్కువైన తేలే మొక్కలను చెరువులోనో కాలువలోనో పారేయకూడదు. గుర్రపుడెక్క మన కాలువలను ఎలా కమ్మేసిందో కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. ఎండబెట్టి కంపోస్టులో వేయడం ఉత్తమం.

వేడి, వెలుతురు రెండూ కలిపి చూస్తే నిర్ణయం ఇలా వస్తుంది. గది వేడిగా, వెలుతురు తక్కువగా ఉంటే అనుబియాస్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. ఏసీ ఉన్న గదిలోనో, వేసవిలోనూ 28 దాటని తొట్టిలోనో వెలుతురు బాగా ఉంటే జావా ఫెర్న్. వేడీ వెలుతురూ రెండూ ఎక్కువైన హాలు మాత్రం చిక్కు. అక్కడ అనుబియాస్‌కే మొగ్గాలి, కారణం సూటిగానే ఉంది: వెలుతురును కర్టెన్‌తో, టైమర్‌తో తగ్గించుకోగలం, వేడిని అంత తేలిగ్గా తగ్గించలేం. పాచి ఆకును అందవిహీనం చేస్తుంది, వేడి మొక్క ప్రాణమే తీస్తుంది.

తొట్టి సైజు కూడా కొంత తేలుస్తుంది. జావా ఫెర్న్ ఆకు 15 నుంచి 30 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. రెండడుగుల తొట్టిలో వెనక వైపు ఒక చెట్టుమొద్దుకు కట్టేస్తే ఏడాదిలో చిన్న పొదలా అల్లుకుంటుంది. అడుగు తొట్టిలో అదే ఆకులు ముందు అద్దాన్ని కప్పేస్తాయి. చిన్న తొట్టికి అనుబియాస్ నానా, ఇంకా చిన్నదైతే నానా పెటీట్ సరిగ్గా ఇమిడిపోతాయి. ఫైటర్ చేప ఉన్న తొట్టిలో అనుబియాస్ ఆకు నీటి పైభాగానికి దగ్గరగా ఉండేలా కడితే, చేప దాని మీద ఒరిగి సేద తీరుతుంది. పెద్ద రెక్కలు మోస్తూ ఈదే చేపకు అది నిజంగా పనికొచ్చే మంచం.

ఏది తెచ్చుకున్నా చాలామంది చేసే తప్పు ఒక్కటే. మొక్కను కంకరలో పాతేయడం. పసుపు కొమ్ము, అల్లం కొమ్ము మట్టిలో పెట్టి పెంచడం చూసిన చెయ్యి కదా, కొమ్ము కనిపించగానే అలవాటుగా గుంట తీస్తుంది. ఈ రెండింటి కొమ్ము మాత్రం నేల కింద ఉండేది కాదు, రాయినో చెట్టు వేరునో పట్టుకుని పాకేది. దానికి చుట్టూ నీళ్లు కదలాలి. కంకరలో పూడిస్తే కుళ్లుతుంది. కింద వేలాడే వేళ్లు కంకరలోకి వెళ్తే నష్టం లేదు, కొమ్ము వీపు మాత్రం పైకి కనబడుతూ ఉండాలి. నూలు దారంతో రాయికి కట్టేస్తే దారం కుళ్లి తెగిపోయేలోపు వేళ్లు పట్టు దొరికించుకుంటాయి. అంత ఓపిక లేకపోతే ఫెవిక్విక్ తరహా జిగురు చుక్క చాలు. తడి తగలగానే గట్టిపడే జిగురు అది, ఎండాక చేపలకు హాని చేయదు. అంటించిన చోట కొన్నాళ్లు తెల్లగా కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు.

చిన్న ప్లాస్టిక్ కుండీలో దూది లాంటి పీచుతో వచ్చిన మొక్కను అలాగే తొట్టిలో దించకూడదు. పీచు మొత్తం తీసేసి కొమ్మును చూడాలి. బొటనవేలితో నొక్కితే అల్లం ముక్కలా గట్టిగా ఉండాలి. మెత్తగా అణిగి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన వాసన వస్తే ఆ మొక్క వద్దు. అనుబియాస్‌లో ఈ కొమ్ము కుళ్లు మోసపూరితమైనది. ఆకులు పచ్చగా నిగనిగలాడుతూనే ఉంటాయి, వేలితో తాకగానే కాడ మొదట్లో ఊడి చేతికి వస్తాయి. ఇంటికొచ్చాక కనిపిస్తే పదునైన బ్లేడుతో గట్టి భాగం తగిలేదాకా కోసి, మిగిలినదాన్ని విడిగా కొన్నాళ్లు ఉంచి చూడాలి.

జావా ఫెర్న్ విషయంలో భయం దీనికి తిరగబడుతుంది, బాగున్న మొక్కను జబ్బు మొక్క అనుకుని పారేస్తుంటారు. ఆకు వెనక వైపు తిప్పితే గోధుమరంగు బొడిపెలు కనిపిస్తాయి. అవి సిద్ధబీజాలుండే గుత్తులు, స్కూల్లో ఫెర్న్ పాఠంలో బొమ్మ గీసినవే. ఇంకా కొన్నాళ్లకు ఆకు కొసనో అంచునో చిన్న బుల్లి మొక్క మొలుస్తుంది, వేలెడు కూడా లేని దానికి అప్పుడే సన్నటి నల్లటి వేళ్లు జుట్టులా వేలాడుతుంటాయి. చాలామంది ఆ వేళ్లను పాచి అనుకుని గిల్లేస్తారు. వదిలేస్తే నాలుగు ఆకులు వేశాక దానంతటదే విడిపోతుంది. ఒక్క మొక్క కొంటే ఏడాదిలో స్నేహితులకు పంచిపెట్టేంత వచ్చే మొక్క జావా ఫెర్న్. అనుబియాస్‌ను కొమ్ము కోసి మాత్రమే పెంచుకోవాలి, ఒక్కో ముక్కకు కనీసం మూడు నాలుగు ఆకులుండాలి. కాస్త పెద్ద అనుబియాస్ ఖరీదుగా ఉండటానికి కారణం ఆ నిదానమే. దానికి బదులుగా అప్పుడప్పుడూ నీళ్లలోనే చేమ పువ్వు ఆకారంలో తెల్లటి చిన్న పువ్వు పూస్తుంది. ఫెర్న్ జాతికి పువ్వే లేదు.

అసలు మొక్కలు కొనే ఉద్దేశం నీళ్లు శుభ్రంగా ఉంచుకోవడమైతే ఈ రెండూ సరైన ఎంపిక కావు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే నైట్రేట్‌ను పీల్చుకోవాలంటే మొక్క వేగంగా పెరగాలి. మన చెరువుల్లో దొరికే హైడ్రిల్లా వారంలో చేసే పనిని అనుబియాస్ నెలలో కూడా చేయదు. ఈ రెండింటినీ అందానికి, చేపలకు చాటు ఇవ్వడానికి పెట్టుకోవాలి. శుభ్రతకు వేగంగా పెరిగే మొక్క ఒకటి పక్కన ఉండాలి. చెరువు నుంచి తెచ్చిన హైడ్రిల్లానైతే వారం రోజులు విడి బకెట్లో ఉంచి, జలగలు, తూనీగ పిల్లలు లేవని చూసుకున్నాకే తొట్టిలో వేయాలి. తూనీగ పిల్ల చిన్న గప్పీ చేపలను పట్టి తినేస్తుంది.

జావా ఫెర్న్ మీదే మనసు పడినవాళ్లు కొనే నెలను చూసుకోవాలి. నర్సరీల్లో ఈ మొక్కలను తరచుగా నీటి పైన, తేమగాలిలో పెంచుతారు. నీళ్లలో మునిగాక పాత ఆకులు కొన్ని మచ్చలు పడి పోయి, నీటికి అలవాటైన కొత్త ఆకులు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఏప్రిల్‌లో కొంటే ఆ మార్పు, ఎండ వేడి రెండూ ఒకేసారి మీద పడతాయి. అక్టోబర్, నవంబర్‌లో తెచ్చి కడితే మార్చి నాటికి మొక్క కుదురుకుంటుంది. అనుబియాస్‌కు ఈ నెలల పట్టింపు అంతగా లేదు.

అన్నీ చూసుకున్నా ఒక మే నెలలో ఫెర్న్ ఆకులు నల్లబడ్డాయనుకుందాం. వెంటనే మొక్కను చెత్తబుట్టలో వేయకండి. మరక పడిన ఆకులన్నీ మొదలంటా కత్తిరించి, కొమ్మును గోరుతో కొద్దిగా గీకి చూడాలి. లోపల ఆకుపచ్చగా, గట్టిగా ఉంటే దాన్ని ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట, వంటింటి గట్టు కిందనో మెట్ల కిందనో, బకెట్ నీళ్లలో ఉంచి మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాలి. కాస్త వెలుతురు అందితే చాలు. వానలు పడి వాతావరణం చల్లబడ్డాక ఆ బోసి కొమ్ము మీదే లేత ఆకుపచ్చ మొన ఒకటి కనిపిస్తుంది.